సున్నా దగ్గర ముల్లు

మనలో అనేకులు పత్తి, మిరప కాటాకు వేసి అమ్ముకొనేవారే. కాటా ముల్లు ఒక్క గీత పక్కకు ఉంటే ఇంట్లో ఏమి తగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు. మా నాన్నగారు బస్తా ఎక్కించేముందు ఖాళీ కాటా సున్నా చూపుతున్నదో లేదో వంగి చూచేవారు. వ్యాపారి విసుక్కొనేవాడు. ఆ వంగి చూచే అలవాటే తరువాత మాకు అన్నం పెట్టింది. ఒక కర్మాగారంలో కొలత పరికరాలను సరిచూచి బాగుచేసే షాపులో మెకానిక్‌గా చేరి, 1994లో ఆ షాపుకే ఫోర్‌మన్‌గా నియమింపబడ్డాము. మా చేతిక్రింద ఏడుగురు.

అక్కడికి ఎక్కువగా వచ్చేవి ప్రెషర్ గేజీలు. గుండ్రని డబ్బా, అద్దం, ముల్లు. లోపల కొడవలిలా వంచిన సన్నని లోహపు గొట్టం ఉంటుంది. ఆవిరిగాని నీరుగాని ఒత్తినప్పుడు ఆ వంపు కొద్దిగా విప్పుకుంటుంది. ఆ కదలికను చిన్న పళ్లచక్రాలు ముల్లుకు అందిస్తాయి. 1849లో బూర్డాన్ అనే ఫ్రెంచి ఆయన పేటెంటు పొందిన ఉపాయమిది, నేటికీ నడుస్తున్నది. దానిని సరిచూచుటకు డెడ్ వెయిట్ టెస్టర్ ఉంటుంది. నూనెమీద తేలే పిస్టన్‌పై తూకపు బిళ్లలు పెట్టి, మెల్లగా తిప్పుతూ, ఇంత బరువుకు ముల్లు ఎంత చూపిందో వ్రాసుకోవాలి. ఎక్కేటప్పుడూ చూడాలి, దిగేటప్పుడూ చూడాలి. అద్దంమీద వ్రేలితో తట్టి మరల చూడాలి. తట్టగానే ముల్లు గెంతితే లోపల ఏదో పట్టేస్తున్నదన్నమాట. 16 కిలోల గేజీ 1.6 తరగతిదైతే పావుకిలో తేడా వరకు సరే, దాటితే కుదరదు. ఆ బిళ్లలకు కూడా తమకంటే సరియైన వాటితో సరిచూచిన ధ్రువపత్రం ఉండాలి. ఆ వరుస ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వరకు పోతుంది.

1996లో వార్షిక మరమ్మతులు జరుగుతున్నాయి. రోజుకు ఇరవై గేజీలకు మించి సాగని బల్లమీద అరవై వచ్చి పడ్డాయి. పైవారు మమ్మును తొందరపెట్టారు, మేము పిల్లలను తొందరపెట్టాము. "సాయంత్రానికల్లా కార్డులన్నీ నా బల్లమీద ఉండాలి" అన్నాము. ఉన్నాయి. అన్నింటిమీద సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయాము.

ఆరు రోజుల తరువాత ఒక ఫిట్టరు వేడినీటి లైనులో బోల్టు విప్పాడు. గేజీ సున్నా చూపుతున్నది. లోపల ఒత్తిడి ఉన్నది. మోచేయి వరకు కాలిపోయింది. అతడు డ్రెయిన్ తెరిచి కూడా చూడవలసింది, నిజమే. కాని అతడు నమ్మింది మా గేజీని. దానిని తెచ్చి టెస్టర్‌కు బిగిస్తే, మూడు కిలోల వరకు ముల్లు కదలలేదు. కార్డుమీద మాత్రం ప్రతి అంకె అందంగా ఉన్నది. క్రింద అందరికంటే చిన్నవాని పొడి అక్షరాలు, వాటి క్రింద మావి.

వాడిని పిలిచాము. కొంతసేపు నేల చూచాడు. "పరీక్ష పెట్టలేదు సార్. అరవై కావాలన్నారు గదా" అన్నాడు. ఇంకా పర్మనెంటు కాని పిల్లవాడు. పేరు పైకి వెళ్తే మరునాడు గేటు బయట ఉంటాడు. ఆ రాత్రి మాకు నిద్రలేదు. ఇంట్లో ఆమె అంతా విని, "మరి మీరు ఎన్ని చూచి సంతకం పెట్టారు?" అని అడిగింది. ఒక్కటి కూడా కాదు.

రిపోర్టులో అదే వ్రాశాము. పిల్లవాడు పరీక్షించకుండా అంకెలు వేశాడనీ, మేము చూడకుండా సంతకం చేశామనీ, రోజుకు అరవై అడిగింది మేమేననీ. మాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. పిల్లవానిని హెచ్చరించి ఉంచారు. ఉంచుతారని మేము వ్రాసేటప్పుడు తెలియదు.

అటుపిమ్మట ఇరవై దాటితే బల్లమీదికి తీసుకోలేదు, ఎవరు కేకలు వేసినా సరే. సాయంత్రం, అయిపోయిన వాటిలో మూడింటిని చేతికందినట్టు తీసి, చేసినవాడు కాక మరొకడు పరీక్షించేవాడు. మరొక సంగతి: మెకానిక్ చెయ్యి ఊరకుండదు, రాగానే ముల్లును సరిచేసేసి ఆ తరువాత అంకె వ్రాస్తాడు. అప్పుడు గేజీ బాగుపడుతుంది గాని, ఇన్నాళ్లు అది ఎంత అబద్ధమాడిందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పటి అంకె వ్రాయనిదే స్క్రూడ్రైవర్ పట్టవద్దన్నాము. దీనిని అలవాటు చేయుటకు రెండేండ్లు పట్టింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని ఫిట్టరు ఇంటికి వెళ్లాము. అతని భార్య మంచినీళ్లిచ్చింది, మాతో మాట్లాడలేదు. అతడు మాత్రం కట్టుకట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకొని, "అన్నా, ఆ గేజీ బాగుచేశారా?" అని అడిగాడు.

చేయలేదని చెప్పాము. మేము 2011లో పదవీ విరమణ పొందేనాటికి కూడా అది బల్ల చివర, అద్దం తీసి, అలాగే ఉన్నది. కొత్తగా చేరిన ప్రతివాడు మొదటి రోజున మూడు కిలోల బిళ్లలు తన చేతితో పెట్టి, సున్నా దగ్గర నిలిచిన ఆ ముల్లును చూచేవాడు. ఆ బల్లకు ఇప్పుడు పెద్ద, ఆనాటి ఆ పిల్లవాడే.