బొమ్మ నొక్కితే రావాల

“అబ్బయ్యా, మన లెక్కలు పొయినయి. యాడా కనపడ్డం లా.”

పొద్దున్నే ఫోను. అల్లూరులో ధాన్యం కమీషన్ వ్యాపారం చేసే పెద్దాయన. పరుగున పోయి చూస్తే లెక్కలు ఎక్కడికీ పోలేదు. రాత్రి మనవడు పాటలు విని బ్రౌజర్ మూసేశాడు, దాంతోపాటే నేను రాసిచ్చిన లెక్కల పేజీ ట్యాబూ పోయింది. గుమాస్తాకి ఆ వెబ్ అడ్రసు గుర్తులేదు. ఎందుకుంటుంది? ముప్ఫై ఏళ్లుగా సొరుగు లాగి చిట్టా పుస్తకం తీసిన మనిషి.

“ఇంటర్నెట్‌లో భద్రంగా ఉన్నాయి పెదనాయనా” అన్నాను.

“ఆడెందుకు? మన కొట్లో పెట్టు. బొమ్మ నొక్కితే రావాల.”

ముందు సులువు దారి పట్టాను. బ్రౌజర్ మెనూలోంచే షార్ట్‌కట్ చేసి, విడి కిటికీలో తెరుచుకునేలా పెట్టాను. పైన అడ్రసు పట్టీ ఉండదు, చూడ్డానికి అచ్చం ప్రోగ్రామే. నెట్ లేనప్పుడు రాసినవి బ్రౌజర్లోనే దాచుకుని తర్వాత సర్వర్‌కి పంపేది. నెల తిరక్కముందే, మెషీన్ నత్తలా నడుస్తోందని ఎవరో కుర్రాడు బ్రౌజర్లో చెత్తంతా తుడిచేశాడు. పంపకుండా మిగిలిన మూడు రోజుల లెక్కలు ఆ చెత్తతోనే పోయాయి. కాటా చీటీలు తీగకి గుచ్చి ఉండబట్టి బతికాను. రాత్రి పదింటి దాకా ఇద్దరం కూర్చుని మళ్లీ ఎక్కించాం.

అప్పుడు ఎలక్ట్రాన్‌కి వచ్చాను. 2013లో గిట్‌హబ్ వాళ్లు తమ ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టిన సరంజామా అది. క్రోమియం బ్రౌజర్‌నీ నోడ్‌నీ మన వెబ్ పేజీలతో కలిపి ఒకే ప్రోగ్రాముగా మూటకట్టి ఇస్తుంది. నేను రోజూ కోడ్ రాసే వీఎస్ కోడ్ కూడా దానిమీదే నడుస్తుంది. బరువు సంగతి దాచను. ఏ పనీ చెయ్యని ఖాళీ కిటికీ కూడా వంద ఎంబీ దాటుతుంది. శేరు బియ్యానికి లారీ కట్టించుకున్నట్టు. 2022లో 1.0 వచ్చిన టౌరీ అయితే సిస్టంలో ఉన్న వెబ్ ఇంజన్నే వాడుకుని కొద్ది ఎంబీలతో సరిపెడుతుంది. మా కొట్లలోని పాత మెషీన్లలో ఆ ఇంజనే ఉండదు. అందుకని లారీయే కట్టాను.

లెక్కలన్నీ ఇప్పుడు డీ డ్రైవులో ఒకే ఎస్‌క్యూలైట్ ఫైలు. కొట్టు కట్టేముందు గుమాస్తా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జేబులో వేసుకుపోతాడు. ఉప్పుగాలికి యూఎస్‌బీ రంధ్రాలు తుప్పు పట్టి, రెండుసార్లు కదిపితే గానీ అందుకోవు.

బొమ్మగా వరికంకి పెట్టాను. పెద్దాయనకి నచ్చింది. తెర తెరిచాక మాత్రం వేలు పెట్టి, “ఇదేంది, పుట్టి యాడుంది?” అన్నాడు. నేను క్వింటాళ్లు పెట్టాను. నెల్లూరు పుట్టి 850 కిలోలు. చీటీలో 12,750 అని చూడగానే ఆయన నోట పదిహేను పుట్లని వచ్చేస్తుంది, నా తెరేమో 127.50 అంటోంది. అక్కడే కూర్చుని మార్చాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సిస్టం హెచ్చరిక వేసి ఆపింది.

“వైరస్సా?”

“కాదు పెదనాయనా, దీనికి సంతకం లేదంట.”

“నువ్వే పెట్టు మరి.”

ఆ డిజిటల్ సంతకానికి ఏడాదికి వేలల్లో కట్టాలి. నాలుగు కొట్లకి ప్రోగ్రాములు రాసేవాడికి గిట్టదు. అందుకే ప్రతి కొట్టుకీ మొదటిసారి నేనే పోయి ఎక్కించి వస్తాను.

నా చేతి తప్పొకటి చెప్పాలి. 2023 మార్చి, కోతలు జోరు మీదున్నాయి. ఎలక్ట్రాన్ 23 వచ్చింది కదాని దానిమీద కొత్త వెర్షన్ కట్టి పెద్దాయన కొట్టుకి పెన్‌డ్రైవ్ పంపించాను. అక్కడి మెషీన్లో ఉన్న విండోస్ 7 మీద 23 నడవదని ఎలక్ట్రాన్ వాళ్లు రాసే ఉంచారు, నేనే చదవలా. బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, లోపల కంకి బొమ్మ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. గుమాస్తా నన్ను ఒక్క మాట అనలేదు. సొరుగు లాగి చిట్టా పుస్తకం తీశాడు. మధ్యాహ్నానికి పోయి మళ్లీ 22 ఎక్కించాను.

ఆ మెషీన్ ఇప్పటికీ 22 మీదే ఉంది. దానికి భద్రతా సవరణలు రావడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి నెట్ వైరు పీకేశాను. మనవడు పాటలు ఫోన్లో వింటున్నాడు. కొత్త మెషీన్ కొనమని ప్రతి కోతలకీ చెప్తున్నాను. “ఈ కారు పుట్టి ధర చూసి చెప్తాలే” అంటున్నాడు పెద్దాయన.