మంచి అడుగు

జార్జియాలో న్యూ ఇయర్ అర్ధరాత్రి దాటాక ఇంట్లోకి మొదట అడుగుపెట్టే మనిషిని 'మెక్వ్‌లే' అంటారు. ఆ అడుగు మంచిదైతే ఇంటికి ఏడాదంతా మంచే జరుగుతుందని నమ్మకం. అందుకే ఎవరు రావాలో చాలామంది ముందే అనుకుని పెట్టుకుంటారు. వచ్చేవాళ్లు మిఠాయిలు పట్టుకొస్తారు.

టిబిలిసీలో మా ఇంటి ఓనరు బామ్మ ఈసారి నన్ను రమ్మంది. భర్త పోయాక ఆమెకిది మొదటి న్యూ ఇయర్. నాకేమో గుండె దడ. నేను పుట్టిన వారానికే మా తాతయ్య పోయారు. 'దీని అడుగు మంచిది కాదు' అనే మాట చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో! ఆ సంగతి బామ్మకి చెప్పేశా.

ఆమె నవ్వలేదు. "వారం పిల్లకి అడుగెక్కడిది? నడకే రాదుగా" అంది.

ఇరవై ఏడేళ్లలో నాకెవరూ ఈ మాట చెప్పలేదు.

బాణసంచా మోతలో, చాక్లెట్ డబ్బాతో గడప దాటా. బల్ల మీద 'చిచిలాకి' ఉంది. ఎండు కొమ్మను సన్నగా తురిమి, తెల్ల గడ్డంలా వేలాడేట్టు చేసే పండగ చెట్టు అది. బామ్మ నా నోట్లో 'గొజినాకి' పెట్టింది. తేనె పాకంలో వేసిన అక్రోట్లు. మన పల్లీ చిక్కీకి అక్కలాంటిది.

జనవరి 2 'బెడోబా', అంటే అదృష్టం రోజు. ఆ రోజెలా గడిస్తే ఏడాదంతా అలాగేనట, అచ్చం మన ఉగాదిలా. నేను లాప్‌టాప్ ముట్టుకోలేదు. బామ్మ దగ్గర కూర్చుని ఖచపురి చేయడం నేర్చుకున్నా.