గడియారానికి చాలింది, ప్రాణానికి చాలలేదు

సివిల్ సర్వీసుల పరీక్షకు చదువుతున్న కుమారుణ్ణి చూడడానికి నెల్లూరు నుంచి ఢిల్లీ ముఖర్జీ నగర్‌లోని అద్దెగదికి ఒక తండ్రి వచ్చారు. రక్తపోటు ఆయనకు పాత చుట్టం. కొలిచే యంత్రం తీసి చేతికి పట్టీ చుట్టుకున్నారు. మోటారు మూలిగింది, పట్టీ సగం ఉబ్బి, తెర ఆరిపోయింది.

"సెల్లులు కొత్తవే నాన్నా, నిన్ననే కొన్నాను."

యంత్రం చెడిందనుకున్నారు. రాత్రి ఆయనకు తల బరువెక్కింది. కొలిచే దారిలేక ఇద్దరూ తెల్లవార్లూ మేలుకున్నారు.

ఉదయం వీధిచివరి దుకాణదారు సెల్లులు చూసి, "ఇవి గడియారానికి బాబూ, దీనికి ఆల్కలైన్‌వి వెయ్యాలి" అన్నాడు హిందీలో.

రెండింటి వోల్టేజీ 1.5 మాత్రమే. అంతరమంతా లోపల ఉంది. చవక సెల్లులో జింకు డబ్బాయే ఇంధనం. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే రసాయన చర్య అందుకోలేదు, వోల్టేజీ కుంగుతుంది. 1950లలో అమెరికాలోని ఎవరెడీ సంస్థలో లూయిస్ ఉర్రీ జింకును పొడిగా వాడి, పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణాన్ని జతచేశాడు. పొడికి ఉపరితలం అధికం. చర్య జరిగే చోటూ అధికమే. ఉర్రీ రెండు బొమ్మకార్లలో రెండు రకాల సెల్లులు వేసి పందెం పెట్టాడు. పాత సెల్లు కారు త్వరగా ఆగిపోయింది. కొత్తది పరుగు మానలేదు.

ఆల్కలైన్ సెల్లులతో పట్టీ నిండుగా ఉబ్బింది. అంకె ఎక్కువే చూపింది. ఆ పూటే వైద్యుడు మందు మార్చాడు.

తీసేసిన సెల్లుల్లో ఒకటి గదిలో ఆగిపోయిన గోడగడియారంలోకి వెళ్ళింది. పరీక్ష ముగిసేదాకా అది ఆగలేదు. దాని తప్పేమీ లేదు, అడగరానిది అడిగారంతే.