కత్తి అంచున తెగులు

మొక్కల తెగులనగానే బాక్టీరియా, వైరస్, శిలీంధ్రము అను మూడు పేర్లే మా నాలుకపై నాడును. వైరాయిడ్ల ప్రసక్తి మా పాఠములలో రెండు పంక్తులతో ముగిసినది. అవి మాకు చాలలేదు.

బంగాళాదుంపలను కదురువలె సాగదీయు ఒక తెగులును అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో పరిశీలించిన థియొడోర్ డీనర్, దానికి మూలము వైరస్ కాదని 1971లో తేల్చెను. వైరస్‌కు మాంసకృత్తుల తొడుగైనను ఉండును. దీనికి అదియును లేదు. వలయముగా చుట్టుకొనిన ఆర్.ఎన్.ఏ. పోగు మాత్రమే. 1978లో లెక్కింపగా అందలి న్యూక్లియోటైడ్లు 359. ఒక్క ప్రోటీనునైనను నిర్మించు సమాచారము అందు లేదు. మొక్కలోని ఎంజైములనే అరువు తెచ్చుకొని తన నకళ్లను తీయించుకొనును.

ఇంతటి అల్పవస్తువు ఏమి చేయగలదో ఫిలిప్పీన్స్ దేశపు బికోల్ ప్రాంతమువారి నడుగవలెను. అచ్చటి కొబ్బరికి సోకిన 'కడాంగ్-కడాంగ్' పేరే మరణమును సూచించు స్థానిక పదమునుండి పుట్టినది. తొలుత కాయలు గుండ్రబడి, పైన గాట్లు పడును. పిదప ఆకులపై పసుపు మచ్చలు, గొడ్డుపూత, కాపు నిలిచిపోవును. అయినను చెట్టు వెంటనే చావదు, 8 మొదలు 16 ఏండ్ల వరకు క్షీణించుచు నిలిచియుండును. సాన్ మిగ్యుల్ దీవిలో 2,50,000 చెట్లకు 1962 నాటికి మిగిలినవి బహు కొద్ది. మొత్తము 3 కోట్లకు పైగా చెట్లు నశించెనని అంచనా. కొబ్బరిచెట్టును కన్నకొడుకుతో పోల్చు వాడుక మనకు కలదు. ఆ కొడుకు పదేండ్లు మంచమున తీసికొనుట యెట్టిదో పాఠకులే ఊహింతురు గాక.

మాలో నల్లగొండ బత్తాయితోటల ప్రాంతమువారు ఇద్దరు గలరు. ఎక్సోకార్టిస్ అను వైరాయిడ్ తెగులు పేరు వారి యిండ్లలో ఎవరును వినలేదు. బత్తాయికి వేరుమొక్కగా వాడు రంగపూర్ నిమ్మ దీనికి లొంగును. బెరడు పెచ్చులూడి చెట్టు గిడసబారును. సోకిన చెట్టుకు మందు లేదు. అంటుకట్టు కత్తియు దీనిని మోయును. స్పిరిటుతో తుడుచుటయు, నిప్పున చూపుటయు చాలవు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణమున ముంచవలెను. అంటుకు ఇంతయని కూలి పుచ్చుకొనువానికి మాటిమాటికి ముంచు తీరిక యెక్కడిది? తప్పంతయు అతనిపై మోపుట మాకు న్యాయమని తోచదు. ఆ కాలమునకు గూడ యజమాని కూలి కట్టవలెను.

సంక్రాంతి సెలవులకు పోవుచు మా మిత్రులు ఆ ద్రావణపు సీసా నొకటి వెంట తీసికొనిపోయిరి. కత్తి త్రుప్పుపట్టునని అచ్చటి అంటుకట్టువాడు ఒప్పుకొనలేదట. పిమ్మట నీట కడిగి నూనె రాయవలెనని చెప్పిపంపితిమి.