ట్రైబల్ డ్రెస్ అని ఒక్కటే ఉండదు



ఆగస్టు 9 దగ్గర పడితే చాలు, మన ఓయూ హాస్టళ్లలో ఒకటే ప్రశ్న: "అక్కా, ట్రైబల్ డ్రెస్ ఎక్కడ కిరాయికి దొరుకుతది?" తార్నాకలో సీనియర్ల పెళ్లి ఉన్నా ఇదే అడుగుడు. ఎందుకు దొరకదు, దొరుకుతది. ఎర్ర పాలిస్టర్ గాగ్రా, దానికి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ అద్దాలు. మెట్రో ఎక్కేలోపే నాలుగు రాలిపోతయి. కోయ పిల్లకూ అదే, గోండు పిల్లకూ అదే, లంబాడ పిల్లకూ అదే!

మేం ఒకే గదిలో మూడు తెగలోళ్లం. అందుకే ఇది రాస్తున్నం.

లంబాడీలకు ఫేట్యా, కాంచళి, టుక్రి. ప్రతి అద్దం చుట్టూ దారంతో కుట్టు ఉంటది, అంచులకు గవ్వలు, పాత నాణేలు. 2023లో హంపీ జీ20 సమావేశంలో సండూరు లంబాడీ ఆడవాళ్ల కుట్టుపని 1,755 ముక్కలు ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. మనమేమో అతికించిన అద్దాలకు కిరాయి కడుతున్నం.

పెళ్లికి మొత్తం సెట్టు వేసుకోవాలనేం లేదు, అది బాగా బరువు. ముదురు రంగు కాటన్ చీర మీదనో, సాదా కుర్తా మీదనో యాడి దాచిన టుక్రి ఒక్కటి కప్పుకోండి, చాలు. కాంచళికి వెనక తాళ్లే కాబట్టి లోపల పలుచని జాకెట్ వేసుకుంటే ఇబ్బంది ఉండదు. వాషింగ్ మెషిన్ల మాత్రం వేయొద్దు తల్లీ!

ఇంకోటి. తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ, తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతరు. ఆ ఫొటోలకే జుట్టుకు ఘుగ్రి, మోచేతి పైన బలియాలు పెట్టుకుంటున్నరు. అవి పెళ్లయినామె గుర్తులు. తండాల ముసలవ్వలు చూస్తే "మొగుడెక్కడే?" అని నవ్వుతరు.

గోండు అక్కలకు గోచీ పోసి కట్టే చీర ఉంది, అది కిరాయి షాపుల్లో కనబడదు. ఇక మగపిల్లలకు: గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఫ్రెషర్స్ పార్టీ సామాను కాదు. దీపావళికి దండారీలో పూజ చేసి, నియమంతో పెట్టుకునేది. మర్లవాయి కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది ఆ ఆటకే. స్టేజీ మీద చేయాల్సి వస్తే ఊరి పెద్దల్ని అడిగి చేయండి.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మతో ట్రంకుపెట్టె తెరిపించండి. ఏది ఎప్పుడు కడతరో ఆమె చెప్తుంటే ఫోన్ల రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. కోయ వాళ్లవి మా దగ్గర తక్కువున్నయి, ముందు అవి పంపండి.