రేకుల హాల్లో సురభి

మా గోదావరిఖనిలో చలికాలం బొగ్గు పొగతోనే మొదలయ్యేది. దీపావళి దగ్గరికొచ్చేసరికి, పొద్దుగూకగానే ప్రతి క్వార్టరు ముందూ కింద పిడక ముక్కలు, పైన కంపెనీ బొగ్గు పేర్చి పొయ్యి అంటించేవాళ్లు, పొగంతా పోయి కణకణలాడేదాకా బయటనే ఉంచి అప్పుడు లోపలికి తీసుకుపోయేవాళ్లు, ఆ పొగా గోదారి మీంచి వచ్చే మంచూ కలిసి ఎదురింటి బల్బు కూడా మసకగా కనపడేది. ఒక సాయంత్రం ఆ పొగలోంచే మైకు కట్టిన రిక్షా ఒకటి వచ్చేది, సురభి నాటకాల వాళ్లొచ్చారు, ఈ రాత్రి మాయాబజార్ అని చెప్పుకుంటూ. మా పక్కన ఎన్టీపీసీ కరెంటు కేంద్రానికి శంకుస్థాపన జరిగిన 1978, ఆ ముందూ వెనకా ఏళ్ల ముచ్చట ఇది.

చౌరస్తా అవతల ఖాళీ జాగాలో లారీలు ఆగేవి. గుంజలు, రేకులు, చుట్టిన పరదాలు, చెక్కపెట్టెలు, వంటగిన్నెలు, ముసలమ్మలు, చంటిపిల్లలు, అందరూ అన్నీ ఒక్కసారే దిగేవి. కొన్నాళ్లకే అక్కడ రేకుల హాలు లేచేది, దాని వెనక వాళ్ల గుడిసెలు. బడికి పోతూ తొంగిచూస్తే రాత్రి ద్రౌపది వేసినామె బోరింగు దగ్గర అంట్లు తోముతుండేది, భీముడు నిచ్చెనెక్కి రేకులకు మేకులు కొడుతుండేవాడు, ముఖానికి రంగు పూర్తిగా పోక చెవుల వెనక ఇంకా నీలంగా ఉండే పిల్లవాడు చద్దన్నం తింటుండేవాడు. ఆ పిల్లవాడు రాత్రి కృష్ణుడు, పగలు మా తరగతి. లెక్కల గంటలో బెంచీ మీద తల వాల్చి నిద్రపోతే మా సారు లేపేవాడు కాదు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే ఆరె మరాఠీ మాకు వింత కాదు, ఖనిలో నీళ్ల పంపు దగ్గర నిలబడితే నాలుగు భాషలు వినపడేవి. ఎవరి ఊరు వాళ్లు విడిచి వచ్చినోళ్లమే అందరం, వాళ్లను పరాయివాళ్లని ఎవరం అనుకోలేదు.

మంథని దిక్కు పల్లెనుంచి వచ్చిన మా బాపమ్మకు బాగోతాలు బాగా తెలుసు. మగవాళ్లు ఆడవేషం కట్టడం చూసి పెరిగిన ఆమె, ఇక్కడ ఆడవాళ్లే ఆడవేషాలు వేస్తుంటే నేల టికెట్టు మీద ముందుకు జరిగి జరిగి కూర్చునేది. "అంత ఒక్క ఇంటోళ్లేనట బిడ్డా, తాత, కొడుకు, కోడలు, మనుమడు" అని ప్రతిసారీ కొత్తగా చెప్పేది. ఆమె చెప్పింది నిజమే. తోలుబొమ్మలాడించే వనారస వాళ్లు కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో ఒక పెళ్లి వేడుకకు కీచక వధ ఆడారు, వనారస గోవిందరావు దాన్ని నాటక సమాజంగా నిలబెట్టాడు, పిల్లలు పెరిగిన కొద్దీ సమాజాలు చీలి ఊరూరా తిరిగాయి. తెలుగులో మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి బిడ్డే. ఇవన్నీ నేను చాలా తర్వాత చదువుకున్నవి.

మా కాక చూసే చూపు వేరు. ఆయన బొగ్గు బాయిలో హాలేజీ నడిపేవాడు, గంట లెక్క విని ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే పని. నారదుడు మబ్బుల్లోంచి దిగుతున్నా, రెండు బాణాలు నడిమిట్ల ఎదురెదురై నిప్పులు రాలుతున్నా, అందరం నోరు తెరుచుకొని ఉంటే ఆయన కళ్లు పైకి, తీగల వైపు పోయేవి. "మా హాలేజీ లెక్కనేరా ఇది, సైగ తప్పితే మనిషి దక్కడు" అనేవాడు. పరదా వెనక తీగ పట్టుకున్నవాడు ఎవరికీ కనపడడు, చప్పట్లూ అందవు. ఆట అయిపోయాక కాక పక్కనుంచి పోయి వాళ్లకు బీడీలిచ్చి వచ్చేవాడు. సురభి వాళ్లలో అందరికంటే గొప్పవాడు ఆ తీగ పట్టినవాడేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

బాయిలో ఎవరన్నా పోయిన్నాడు ఆట ఉండేది కాదు. హాలు ముందు లైట్లు వేసేవాళ్లు కాదు, ఎవరూ అడిగేవాళ్లూ కాదు.

మా బాపుది సెకండ్ షిఫ్టు వారమైతే ఆయనకు జాగా పట్టి ఉంచేవాళ్లం. రాత్రి పదకొండుకు షిఫ్టు దిగి, లైటు ల్యాంపురూములో అప్పజెప్పి, కళ్ల చుట్టూ బొగ్గు నలుపుతోనే, టిఫిను గిన్నె చేతపట్టుకొని నలుగురైదుగురు కలిసి వచ్చేవాళ్లు. గేటు దగ్గరాయన ఆ వేళప్పుడు టికెట్టు అడిగేవాడు కాదు. బాపు వచ్చి కూర్చుంటే బొగ్గు, చెమట, నెత్తికి పెట్టుకున్న కొబ్బరినూనె వాసన. ఎన్నిసార్లు వచ్చినా ఘటోత్కచుడి ఆఖరి హంగామా ఆయనకు దొరికేది. మా బాపు అదృష్టవంతుడని అనుకునేదాన్ని.

ఇళ్లల్లోకి టీవీలొచ్చాక లారీలు రావడం తగ్గింది. సురభి వాళ్లలో రేకందార్ నాగేశ్వరరావుకు, అందరూ బాబ్జీ అనే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చిందనీ, ఆ ఏడే ఫ్రాన్సులో మాయాబజార్ ఆడారనీ పేపర్లో చూసి మా అమ్మకు చదివి వినిపించాను. తర్వాత హైదరాబాదులో పబ్లిక్ గార్డెన్స్‌లో వాళ్ల ఆట ఉందంటే పోయాను. అయిపోయాక వెనక్కి వెళ్తే ఒక పెద్దామె చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. మాది గోదావరిఖని అన్నాను.

"ఏ ఇంక్లైనమ్మా?" అంది, ఏ బాయి అన్నట్టు. చెప్పాను. చీర పక్కన పెట్టి, కూర్చోమని పెట్టె మీద జాగా చూపించింది. "మీ బాయి మనుషులు పదకొండు దాటాక వచ్చేవాళ్లు కదా. వాళ్లు కనపడేదాకా హార్మోనియం ఆయనకు సైగ చేసి ఇంకో పద్యం, ఇంకో పద్యం అని పాడించేవాళ్లం. ఘటోత్కచుణ్ణి లోపలే ఆపి ఉంచేవాళ్లం."