నాన్న చేతుల్లో బలం తగ్గలేదు

మాది విజయపురి సౌత్. నాగార్జునసాగర్ డ్యాంకి కుడిగట్టు. నాగార్జునకొండకి వెళ్లే లాంచీ ఎక్కడానికి మీలో కొందరు మా ఊరు వచ్చే ఉంటారు. 1955లో డ్యాంకి శంకుస్థాపన అయ్యాక రాళ్లు మోయడానికి వచ్చిన కూలీల్లో మా తాత ఒకడు. తాత వీపు మీద మోశాడు, నాన్న బండి మీద మోస్తున్నాడు. అంతే తేడా. తెల్లారకముందే చేపల లోడు ఎత్తుకుని పికప్‌లో మాచర్ల వైపు వెళ్తాడు. మా ఇల్లు నడిచేది ఆ బండి మీదే.

పోయిన ఎండాకాలం బండి ముందు చక్రాలు వణకడం మొదలుపెట్టాయి. కింగ్ పిన్ బుష్‌లు అరిగిపోయాయని తేలింది. కింగ్ పిన్ అంటే తలుపుకి మడతబందు లాంటిది. ముందు చక్రం కుడికీ ఎడమకీ తిరిగేది దాని మీదే. మా బండికి ముందు ఆక్సిల్ లారీలకు ఉన్నట్టు ఒకటే కడ్డీ కాబట్టి, రెండు వైపులా ఆ పిన్నులు ఉంటాయి. షెడ్డులో చెప్పిన కూలీ విని నాన్న నోరు మెదపలేదు. నేను మెకానికల్ డిప్లొమా చేశా కదా, ఊరుకోలేకపోయా.

"నాన్నా, సామాను తెప్పించు చాలు. నేనే వేస్తా" అన్నా.

ఫోన్లో నాలుగు వీడియోలు చూశా. తెలిసినవాళ్ల దగ్గర రీమర్ అరువు తెచ్చా. ఒక ఆదివారం వేపచెట్టు కింద నేనూ నా ఫ్రెండూ కలిసి పాత పిన్నులు సుత్తితో కొట్టి తీశాం. కొత్త బుష్‌లు ఎక్కించి, లోపల రీమర్ తిప్పి, పిన్నులు దించి, గ్రీజు గన్‌తో గ్రీజు కొట్టాం. సాయంత్రానికి వణుకు పోయింది. గ్రీజు చేతులతో ఫోటో దిగి స్టేటస్ పెట్టుకున్నా కూడా.

మర్నాడు నాన్న ఒక్క మాట అన్నాడు. "స్టీరింగ్ కొంచెం బిగువుగా ఉందిరా." "కొత్త బుష్‌లు కదా నాన్నా, తిరిగే కొద్దీ అదే వదులవుద్ది" అన్నా. మళ్లీ ఎత్తలేదు.

రెండు వారాలు పోయాక ఒక రాత్రి అమ్మ నాన్న భుజానికి జండూబామ్ రాస్తోంది. నన్ను చూసి నాన్న నవ్వాడు. "వయసు అయిపోతుందిరా. మలుపు తిప్పాలంటే చేతుల్లో సత్తువ ఉండట్లా. దసరాకి బండి అమ్మేద్దాం అనుకుంటన్నా."

అప్పుడైనా నాకు డౌట్ రావాలి కదా? రాలేదు. నిజం చెప్తున్నా, నేనూ అదే అనుకున్నా. యాభై ఎనిమిదేళ్లు, పైగా రోజూ తెల్లారుజామున లేవడం. నాన్న పెద్దాడైపోయాడు అనుకుని బాధపడి పడుకున్నా.

ఆ వారమే ఆయనకి జ్వరం వస్తే లోడు నేను తీసుకెళ్లా. ఎత్తిపోతల వైపు వెళ్లేటప్పుడు ఒక మలుపు తిప్పి స్టీరింగ్ వదిలా. మామూలుగా అయితే అదే తిరిగి నిటారుగా రావాలి. రాలేదు. తిప్పిన చోటే ఆగిపోయింది. ఎదురుగా ఆర్టీసీ బస్సు. రెండు చేతులతో లాగితే తప్ప బండి నా సైడుకి రాలేదు. బస్సు వెళ్లిపోయాక పక్కన ఆపి చూసుకుంటే చొక్కా తడిసిపోయింది. నాకు ఇరవై మూడేళ్లు. నా భుజమే లాగేస్తోంది. మరి నాన్న రెండు వారాలుగా దీన్ని చీకట్లో, లోడుతో తోలుతున్నాడు.

లోడు మెల్లగా దించి వచ్చి వేపచెట్టు కింద మళ్లీ మొదలుపెట్టా. ఈసారి వీడియోలు చూడలేదు. ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయా.

ముందు టైర్లలో గాలి. గాలి తగ్గినా స్టీరింగ్ బరువెక్కుద్ది. సరిగ్గానే ఉంది. పవర్ స్టీరింగ్ ఆయిల్ గీత దాకా ఉంది, బెల్టు వదులు లేదు.

తర్వాత వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు రెండు చక్రాలూ జాకీతో లేపి, కింద స్టాండులు పెట్టా. ఇంజిన్ ఆపి, లాక్ పడకుండా తాళం మాత్రం తిప్పి ఉంచి స్టీరింగ్ తిప్పా. చక్రాలు గాల్లో ఉన్నాయి, అయినా బిగువే. అంటే తప్పు టైర్లదీ కాదు, లోడుదీ కాదు.

స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వచ్చే డ్రాగ్ లింక్ విప్పా. పైన స్టీరింగ్ ఇప్పుడు హాయిగా తిరిగింది. అంటే బాక్సు మంచిదే. తేడా కింద ఉంది. నేను చేతులు పెట్టిన చోటే ఉంది.

చివరికి రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ ఒక వైపు ఊడదీశా. కుడి చక్రం ఒంటి చేత్తో తిరిగింది. ఎడమ చక్రానికి కాలు తన్నిపెట్టి తొయ్యాల్సి వచ్చింది.

పిన్ను కొట్టి తీస్తే కారణం కనపడింది. బుష్‌కి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గ్రీజు నిపిల్ రంధ్రానికి అది ఎదురుగా రావాలి. ఎడమవైపు పై బుష్‌ని నేను పక్కకి తిప్పి ఎక్కించా. దారి మూసుకుపోయింది. పిన్నుకి గ్రీజు చుక్క అందలేదు. ఎండిపోయి, గీతలు పడి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఆదివారం కుడివైపు గ్రీజు కొడితే అంచుల్లోంచి బయటికొచ్చింది. ఎడమవైపు రెండు పంపులకే గన్ బిగుసుకుపోయింది. "నిండిపోయిందిలే" అనుకున్నా. బండి ఆ రోజే చెప్పింది. నేనే వినలేదు.

ఈసారి కొత్త పిన్నూ బుష్‌లూ పట్టుకుని మాచర్లలో లేత్ షాపుకి వెళ్లా. అక్కడ బాబాయ్ బుష్ ఎక్కించి నిపిల్ విప్పాడు. ఆ రంధ్రంలోంచి సన్న తీగ లోపలికి దూర్చాడు. "తీగ అవతలికి పోతే గ్రీజు పోద్ది. ఇదొక్కటి చూసుకుంటే చాలయ్యా" అన్నాడు. పది సెకన్ల పని.

అన్నీ బిగించి, స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేసి, ఖాళీ బండితో కాలనీ రోడ్ల మీద నాలుగు చుట్లు తిరిగా. తర్వాతే నాన్నకి తాళాలిచ్చా. ఇచ్చేముందు చెప్పేశా.

"నాన్నా, తప్పు నాది. బుష్ తేడాగా వేశా. నీ చేతులకి ఏం కాలేదు."

ఆయన కాసేపు బండి వంకే చూశాడు. "బండిదేమో అనుకున్నా. తర్వాత నాదే అనుకున్నా. నీది అని మాత్రం అనుకోలేదురా" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కూడా ఇంట్లో చేయగలిగే రిపేర్లు నేనే చేస్తా. కానీ స్టీరింగ్, బ్రేకుల జోలికెళ్తే మాత్రం పని తెలిసిన ఒకరికి చూపించందే బండి రోడ్డెక్కించను. ఇంకోటి కూడా నేర్చుకున్నా. ఇంట్లో పెద్దవాళ్లు "నాకు చేతకావట్లా" అంటే వెంటనే వయసు మీదకి తోసెయ్యకూడదు. ముందు ఆ స్టీరింగ్ మనం ఒకసారి పట్టుకుని చూడాలి.

మర్నాడు నాన్న లోడు దించి పదింటికల్లా వచ్చేశాడు. ఇంటి ముందు ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పి, బండిని రివర్సులో చెట్టు కిందకి పెట్టాడు. దిగి, ముందు టైరుని కాలితో తట్టాడు.

"ఒరేయ్, దసరాకి టైర్లు మార్చాలి. రేటు కనుక్కో" అన్నాడు.